ముర్రుపాలు పారబోయకండమ్మా

పాఠకుల ప్రశ్నలకు ఈ నెల జవాబులు రాస్తున్నది కర్నూలు వాసి. ఒక డెయిరీ ల్యాబ్‌లో 31 ఏళ్ళు కెమిస్టుగా పనిచేసి రిటైరయ్యారు.

ఈసారి ఉత్తరాలన్నీ పాల గురించే. వాటిలో ఆదోని నుంచి వచ్చినది చదివాక రెండు రోజులు నాకు వేరే పని మీద మనసు నిలవలేదు. అందుకే దానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను. మిగతావాళ్ళు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: అయ్యా, మా అమ్మాయికి మొదటి కాన్పు. పాపకు ఇప్పుడు మూడు వారాలు. మొదటి రెండు రోజులూ పాలు పసుప్పచ్చగా, జిగటగా వచ్చాయి. మా అత్త చూసి "అవి చెడ్డపాలు, పిండి పారబోయండి" అంది. ఆస్పత్రిలో నర్సమ్మ ఒప్పుకోలేదు. "అందులో లాక్టోఫెర్రిన్ ఉంటుంది, అది ఇనుమును పట్టుకునే ప్రొటీన్, బిడ్డకు పట్టాల్సిందే" అని దగ్గరుండి పట్టించింది. మా అత్త ఇప్పటికీ అలిగే ఉంది. ముర్రుపాలలో ఐరన్ ఎక్కువ ఉంటుందనా నర్సమ్మ చెప్పింది? మా అత్తకు నేనేమని చెప్పాలి? (ఒక అమ్మమ్మ, ఆదోని)

జవాబు: అమ్మా, ముందు ఆ నర్సమ్మకు నా నమస్కారం చెప్పండి. ఆమె చేసిన పని నేను నా ఇంట్లో చెయ్యలేకపోయాను.

1984లో మా పెద్దపాప పుట్టింది. అప్పటికి నేను ల్యాబ్‌లో చేరి రెండేళ్ళు. ఎనుము ఈనిన గంటలోపే దూడకు జున్నుపాలు తాపాలని, లేకపోతే దూడ నిలవదని పల్లెల్లో తిరిగి రైతులకు చెప్పేవాణ్ణి. అదే నెలలో మా ఇంట్లో మా అమ్మ మూడు రోజుల పాటు ముర్రుపాలు పిండించి పారబోయించింది. పాపకు దూదిని చక్కెర నీళ్ళలో ముంచి నోట్లో పెట్టింది. నేను అక్కడే ఉన్నాను. ఆడవాళ్ళ విషయంలో మగవాడు మాట్లాడకూడదని ఊరుకున్నాను. తొమ్మిదో రోజు పాపకు విరేచనాలు పట్టుకున్నాయి. ఐదు రోజులు ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించారు. పాలు పారబోయడం వల్లే అలా అయిందని నేను రుజువు చెయ్యలేను, చక్కెర నీళ్ళలోనే క్రిములు ఉండి ఉండొచ్చు. కానీ ఆ రోజు ఆ పసిదాని పొట్టలో ఉండాల్సిన కాపలా లేదన్నది మాత్రం నిజం. మా అమ్మ బిడ్డ మంచి కోరే ఆ పని చేసింది. మీ అత్త కూడా అంతే. ఆమె మీద కోపం పెట్టుకోకండి.

ఇక ఐరన్ సంగతి. ముర్రుపాలలో ఐరన్ ఎక్కువని అనుకోవద్దు. తల్లిపాలలో ఏ రోజు చూసినా ఇనుము చాలా తక్కువ. లీటరుకు ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు, నెల తిరిగేసరికి అర మిల్లీగ్రాము లోపే. లాక్టోఫెర్రిన్ మాత్రం ముర్రుపాలలో లీటరుకు 5 నుంచి 7 గ్రాముల దాకా ఉంటుంది. నెల తిరిగేసరికి 1 నుంచి 3 గ్రాములకు దిగుతుంది. ఒక గ్రాము లాక్టోఫెర్రిన్ పట్టుకోగలిగే ఇనుము మహా అయితే 1.4 మిల్లీగ్రాములు. అంటే లీటరు పాలలో 2 గ్రాముల లాక్టోఫెర్రిన్ ఉంటే దానికి దాదాపు 2.8 మిల్లీగ్రాముల ఇనుమును పట్టే శక్తి ఉంది, కానీ పాలలో ఉన్నది అర మిల్లీగ్రాము లోపే. ఆ కాస్త ఇనుములో కూడా కొంత కొవ్వుతోనూ, వేరే చిన్న చిన్న పదార్థాలతోనూ కలిసి ఉంటుంది. అందువల్ల తల్లిపాలలోని లాక్టోఫెర్రిన్‌లో ఎక్కువ భాగం ఖాళీ చేతులతోనే బిడ్డ కడుపులోకి దిగుతుంది.

ఆ ఖాళీ చేతులే బిడ్డకు కావలసింది. విరేచనాలు తెప్పించే ఈ.కోలై లాంటి క్రిములు పెరగాలంటే ఇనుము కావాలి. ఎక్కడ కాస్త ఇనుము దొరికినా లాక్కుని పిల్లల్ని పెడతాయి. ఖాళీగా ఉన్న లాక్టోఫెర్రిన్ వాటికంటే ముందే ఆ ఇనుమును పట్టి దాచేస్తుంది. క్రిమికి తిండి దొరకదు. దీన్ని 1972లో బుల్లెన్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు ఈ.కోలై మీద చూపించారు. తల్లిపాలలో ఆ క్రిమి పెరగలేకపోయింది. అవే పాలకు ఇనుము కలిపి ప్రొటీన్ చేతులన్నీ నింపేస్తే మళ్ళీ పెరిగింది. మంచి క్రిముల మాటేమిటంటారా? పెరుగు తోడులో ఉండే లాక్టోబాసిల్లస్ జాతికి ఇనుముతో పెద్దగా పని లేదు, మాంగనీసుతో సర్దుకుంటాయి. కాబట్టి వాటికి ఇబ్బంది లేదు.

మరి బిడ్డకు రక్తం ఎలా పడుతుందని మీరు అడగొచ్చు. నెలలు నిండి పుట్టిన బిడ్డ తల్లి కడుపులోనే ఇనుము మూటగట్టుకుని వస్తుంది, అది సుమారు ఆరు నెలలకు సరిపోతుంది. బొడ్డుతాడు కొయ్యడానికి ఒక నిమిషమైనా ఆగితే ఆ మూట ఇంకాస్త పెరుగుతుంది. తల్లిపాలలో ఉన్నది కొంచెమే అయినా అది బిడ్డ ఒంటికి బాగా పడుతుంది, ఆవుపాలలో ఉన్నది అంతగా పట్టదు. ఆరు నెలలు నిండాక పాలతో పాటు తిండి మొదలుపెట్టాలి. మెత్తగా కలిపిన రాగి సంగటి, పప్పు, గుడ్డు, ఆకుకూర ఏదైనా సరే. ఏడాది దాకా ఒట్టి పాల మీద పెంచితే మాత్రం రక్తం తగ్గుతుంది.

మీ అత్తకు సైన్సు చెప్పకండి. మీ ఇంట్లో ఎనుము ఈనితే దూడను ముందు ఎక్కడికి వదులుతారో ఆమెనే అడగండి. మా డెయిరీలో జున్నుపాలు తీసుకునేవాళ్ళం కాదు. చిన్న గాజు గొట్టంలో 5 మిల్లీలీటర్ల పాలు పోసి, మరిగే నీళ్ళలో ఐదు నిమిషాలు పెడితే జున్నుపాలు గడ్డకట్టేవి. వెంటనే క్యాను వెనక్కి పంపేవాళ్ళం. ఆ పాలు మిషన్ ప్లేట్లకు అతుక్కుపోతాయన్నదే మా బాధ, అవి చెడ్డవని కాదు. గడ్డకట్టింది అందులో కిక్కిరిసి ఉన్న రక్షణ ప్రొటీన్ల వల్లే. ఆడమనిషి ముర్రుపాల జిగట కూడా అలాంటిదే. అందులో లాక్టోఫెర్రిన్ ఒక్కటే కాదు, యాంటీబాడీలు కూడా దండిగా ఉంటాయి. ఆ పసుపు రంగు కెరొటిన్ అనే రంగు పదార్థం వల్ల వచ్చింది.

ప్రశ్న: సార్, నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను, బయోకెమిస్ట్రీ. లాక్టోఫెర్రిన్‌లో "రెండు లోబ్స్, నాలుగు డొమైన్స్" అని బట్టీ పట్టాను కానీ కళ్ళ ముందు బొమ్మ రావడం లేదు. ఇంకొకటి, ఇనుము పట్టుకున్న లాక్టోఫెర్రిన్ ఎర్రగా ఉంటుందని పుస్తకంలో ఉంది. మరి పాలు తెల్లగానే ఎందుకున్నాయి? (విద్యార్థిని, కడప)

జవాబు: తల్లీ, పుస్తకం పక్కన పెట్టి నీ రెండు చేతులూ ముందుకు చాపు.

దాదాపు 690 అమైనో ఆమ్లాలు ఒకే దండగా గుచ్చి, ఆ దండను ముడుచుకుంటే వచ్చేది లాక్టోఫెర్రిన్. బరువు సుమారు 80 వేల డాల్టన్లు (అణువుల బరువు కొలిచే లెక్క అది). ఒంటి మీద అక్కడక్కడా చక్కెర గొలుసులు అతికి ఉంటాయి. ముడుచుకున్నాక అది రెండు ముద్దలుగా కనిపిస్తుంది. వాటినే లోబ్స్ అంటున్నారు, మనం తమ్మెలు అందాం. రెండిటినీ కలుపుతూ మధ్యలో ఒక పొట్టి మెలిక ఉంటుంది. రెండు తమ్మెలూ అక్కాచెల్లెళ్ళ లాగా ఉంటాయి, అమైనో ఆమ్లాల వరసలో 40 శాతం దాకా పోలిక. ఎప్పుడో పూర్వం ఒకే జీన్ రెండుసార్లు పడి, ఆ రెండూ అతుక్కుని ఈ రూపం వచ్చిందని శాస్త్రవేత్తలు అనుకోవడానికి ఆ పోలికే ఆధారం.

ఇప్పుడు ఒక్క తమ్మెనే చూడు. దానిలో మళ్ళీ రెండు సగాలు, అవే డొమైన్లు. రెండు అరచేతులు ఎదురెదురుగా పెట్టి, మణికట్ల దగ్గర కలిపి, వేళ్ళ వైపు తెరిచి ఉంచు. ఈగ వచ్చి వాలితే చేతులు మూస్తావు చూడు, సరిగ్గా అలాగే. ఇనుము వచ్చి వాలేది ఆ చేతుల మధ్య సందులో. నీ పుస్తకంలో ఒక్క ముక్కలో దాటేసే సంగతి ఒకటి ఇక్కడ ఉంది. ఇనుము ఒంటరిగా రాదు. పాలలోనూ రక్తంలోనూ ఎప్పుడూ ఉండే కార్బొనేట్ ముందుగా వచ్చి ఆ సందులో కూర్చుంటుంది. ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లానికి పాజిటివ్ చార్జ్ ఉంది కాబట్టి అది కార్బొనేట్‌ను పట్టి ఉంచుతుంది. దాని ఆసరాతో ఇనుము దిగుతుంది. ఫెర్రిక్ ఇనుముకు చుట్టూ ఆరు పట్లు కావాలి. రెండు టైరోసిన్లు, ఒక ఆస్పార్టేట్, ఒక హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాలు కలిసి నాలుగు పట్లు ఇస్తాయి. మిగిలిన రెండూ కార్బొనేట్ ఇస్తుంది. పట్టు కుదరగానే ఒక సగం 50 డిగ్రీలకు పైగా తిరిగి రెండో సగం మీద మూసుకుంటుంది. ఒక తమ్మెకు ఒక ఇనుము పరమాణువు, మొత్తం రెండు.

ఈ బొమ్మ ఊహ కాదు. న్యూజిలాండ్‌లో మాసీ యూనివర్సిటీలో ఎడ్వర్డ్ బేకర్ బృందం తల్లిపాల లాక్టోఫెర్రిన్‌ను స్ఫటికాలుగా చేసి, ఎక్స్‌రేలతో దాని రూపం తేల్చింది. అది 1987లో ప్రచురించారు. ఇనుము లేని ఖాళీ ప్రొటీన్ రూపం 1990లో ఇచ్చారు. అందులో ఒక తమ్మె నోరు తెరుచుకుని ఉంది, రెండోది ఖాళీగా ఉండి కూడా మూసుకుని ఉంది! నాకు ఆ సంగతి తెలిసినప్పుడు ఎంత ఆశ్చర్యమేసిందో చెప్పలేను. అంటే ఇనుము లేనప్పుడు ఆ తలుపు బిగుసుకుని ఉండదు, అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. ఇనుము దొరికితే గడియ పడుతుంది.

రక్తంలో ట్రాన్స్‌ఫెర్రిన్ అని దీని దగ్గరి చుట్టం ఉంది, పరీక్షలో తేడా తప్పక అడుగుతారు. దాని పని ఇనుమును మోసుకెళ్ళి కణాలకు అప్పగించడం. అందుకే కణం లోపల పీహెచ్ (ఇది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5.5 దగ్గరికి రాగానే చేతులు తెరుస్తుంది. లాక్టోఫెర్రిన్ 3, 4 మధ్యకు దిగితే గానీ వదలదు. పెరుగంత పులుపులో కూడా అది పట్టు వదలదన్నమాట. క్రిములు పెరిగి, చీము పట్టిన చోట పులుపు పెరుగుతుంది. అక్కడ ట్రాన్స్‌ఫెర్రిన్ చేతులు సడలినా లాక్టోఫెర్రిన్ చేతులు సడలవు. మన తెల్ల రక్తకణాలు దాన్ని సంచుల్లో దాచుకుని అలాంటి చోటికే తీసుకెళ్ళి గుమ్మరిస్తాయి. కన్నీళ్ళలో, లాలాజలంలో కూడా ఉంటుంది.

దాచడం ఒక్కటే దాని పని అనుకోకు. దాని ఒంటి మీద పాజిటివ్ చార్జ్ ఎక్కువ, క్రిముల పైపొర మీద నెగెటివ్ చార్జ్. పోయి అతుక్కుంటుంది, పొరను సడలిస్తుంది. కడుపులో పెప్సిన్ అనే ఎంజైము దాన్ని కోస్తే మొదటి కొస నుంచి లాక్టోఫెరిసిన్ అనే చిన్న తునక ఊడి వస్తుంది. ఆవు లాక్టోఫెరిసిన్‌లో ఉన్నది 25 అమైనో ఆమ్లాలే. దానికి ఇనుముతో సంబంధమే లేదు, అయినా క్రిములను చంపడంలో అసలు ప్రొటీన్ కంటే గట్టిది. జపాన్ పరిశోధకులు 1990ల మొదట్లో దీన్ని వేరు చేశారు. చచ్చిపోయిన ప్రొటీన్ తునక కూడా పోరాడుతుందంటే ఇంకేం కావాలి.

రంగు గురించి. నిజమే, ఇనుము పట్టుకున్న లాక్టోఫెర్రిన్ లేత ఎరుపు, గులాబీ మధ్య రంగులో ఉంటుంది. టైరోసిన్లు ఇనుమును పట్టుకోవడం వల్ల వచ్చే రంగు అది. 1939లో సోరెన్‌సెన్‌లు ఇద్దరు పాల విరుగుడు నీళ్ళలో మొదటిసారి గమనించింది కూడా "ఎర్ర ప్రొటీన్" గానే. వాళ్ళలో ఎస్.పి.ఎల్. సోరెన్‌సెన్ అంటే మనకు పీహెచ్ స్కేలు ఇచ్చిన ఆయనే. 1960లో దాన్ని తల్లిపాల నుంచీ ఆవుపాల నుంచీ విడిగా తీశారు. అయితే లీటరు ఆవుపాలలో అది ఉండేది సుమారు ఒక గ్రాములో పదోవంతు, పాలలో ముఖ్య ప్రొటీన్ అయిన కేసీన్ 25 గ్రాములకు పైనే. ఆ కేసీన్ రేణువులూ కొవ్వు బిందువులూ వెలుగును చెదరగొట్టే తెలుపులో ఈ కాస్త గులాబీ ఎక్కడ కనిపిస్తుంది? తల్లిపాలలో ఎక్కువున్నా ఖాళీ చేతులకు రంగు లేదు కదా. విరిగిన పాల తేట మీద మా ల్యాబ్‌లో రోజూ చూసిన లేత పచ్చదనం వేరు, అది రైబోఫ్లేవిన్ అనే విటమిన్‌ది.

ప్రశ్న: అన్నా, నాకు నాలుగు ఎనుములు. ఒకదానికి పొదుగువాపు వచ్చింది. పశువుల డాక్టరు మాటల్లో "ఇలాంటప్పుడు పాలలో లాక్టోఫెర్రిన్ పెరుగుతుంది" అన్నాడు. అది మంచి ప్రొటీన్ అంటున్నారు కాబట్టి ఆ పాలు ఇంట్లో వాడుకోవచ్చా? పారబోయాలంటే ప్రాణం ఒప్పడం లేదు. (పాడి రైతు, కళ్యాణదుర్గం)

జవాబు: తమ్ముడూ, వద్దు. ఆ పాలు ఇంట్లోకి తేవద్దు, దూడకూ తాపవద్దు.

డాక్టరు చెప్పింది నిజమే. ఊరిలో దొంగలు పడితే పోలీసులు ఎక్కువ కనిపిస్తారు. పోలీసులు ఎక్కువున్నారని ఆ వీధిలో కాపురం పెట్టం కదా. పొదుగులో క్రిములు దిగాయి కాబట్టి తెల్ల కణాలు వచ్చాయి, వాటితో పాటు లాక్టోఫెర్రిన్ పెరిగింది. పాలలో ఆ క్రిములూ, చీమూ, డాక్టరు పొదుగులోకి ఎక్కించిన మందూ అన్నీ ఉంటాయి. నోట్లో వేసుకుంటే ఉప్పగా ఉంటాయి, ఎందుకంటే పాలలో లాక్టోజ్ తగ్గి ఉప్పు పెరుగుతుంది. క్యాను మూత తీసి వాసన చూసి, చేతి వెనక ఒక చుక్క వేసి నాలుకకు తగిలించి చాలాసార్లు పట్టుకున్నాను నేను. అలా రుచి చూడమని మాత్రం మీకు చెప్పను, ఇప్పుడు పొదుగువాపు కనిపెట్టే ద్రావకం పశువుల మందుల షాపులో దొరుకుతుంది. మందు ఆపాక ఎన్ని రోజులు పాలు వాడకూడదో మందు పెట్టె మీద రాసి ఉంటుంది. అన్ని రోజులూ ఆగండి. నష్టమే, నాకు తెలుసు. వేసవిలో ఒక పూట పాలంటే కళ్యాణదుర్గంలో ఎంత విలువో కూడా తెలుసు.

ఒక మంచి సంగతి చెప్తాను. చూడి ఎనుమును ఈనడానికి ముందు రెండు నెలలు పిండకుండా వదులుతారు కదా, ఆ వట్టిపోయిన కాలంలో పొదుగులో లాక్టోఫెర్రిన్ చాలా రెట్లు పెరుగుతుంది. ఆ కాలం నడుమ రోజుల్లో ఈ.కోలై రకం పొదుగువాపు అరుదుగా వస్తుంది, దానికి ఇదొక కారణం. కాబట్టి ఆశకు పోయి చివరి దాకా పిండకండి. పొదుగుకు ఆ విశ్రాంతి ఇవ్వండి.

ప్రశ్న: మా ఇంట్లో ఎనుము ఈనింది. జున్ను చేసుకుంటే ఆ లాక్టోఫెర్రిన్ మాకు కూడా అందుతుందా? (గృహిణి, ప్రొద్దుటూరు)

జవాబు: అందదమ్మా. జున్ను ఆవిరి మీద గట్టిపడేదాకా ఉడకాలి. ఆ వేడికి ఖాళీ లాక్టోఫెర్రిన్ విచ్చిపోతుంది. ఇనుము పట్టుకున్నది కొంచెం ఎక్కువ వేడికి ఓర్చుకుంటుంది కానీ చివరికి అదీ నిలవదు. ప్యాకెట్ పాలను 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు వేడిచేసి చల్లారుస్తారు, అందులో చాలావరకు మిగులుతుంది. ఇంటికి తెచ్చి పొంగించగానే అదీ పోతుంది. అలాగని పచ్చిపాలు మాత్రం తాగకండి, వాటితో వచ్చే జబ్బులు వేరే ఉన్నాయి. ముందు దూడకు కడుపు నిండా వదిలి, మిగిలితే బెల్లం, మిరియాలు, యాలకులు వేసి కమ్మగా జున్ను చేసుకోండి.

ప్రశ్న: సార్, మా ఆవిడకు ఐదో నెల. రక్తం తక్కువుంది అన్నారు. ఆశా అక్క ఇచ్చిన ఎర్ర మాత్రలు వేసుకుంటే మలబద్ధకం, వికారం అని మానేసింది. మందుల షాపులో లాక్టోఫెర్రిన్ మాత్రలు 250 మిల్లీగ్రాములవి చూపించారు. చాలా ఖరీదు. అవే వాడితే సరిపోతుందా? టెన్షన్‌గా ఉంది. (ఒక పాఠకుడు, తాడిపత్రి)

జవాబు: బాబూ, లెక్క వేసి చూపిస్తాను. గ్రాముకు 1.4 మిల్లీగ్రాముల ఇనుము అన్నాను కదా. 250 మిల్లీగ్రాముల మాత్ర చేతులు రెండూ నిండా పట్టుకున్నా అందులో ఉండే ఇనుము 0.35 మిల్లీగ్రాములు. ఆశా అక్క ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుమూ, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడూ ఉన్నాయి.

ఆ ఖరీదు మాత్ర ఉత్తదని కూడా అనను. గర్భిణుల మీద జరిగిన కొన్ని పరీక్షల్లో లాక్టోఫెర్రిన్ వాడినవాళ్ళకు హిమోగ్లోబిన్ పెరిగింది, ఫెర్రస్ సల్ఫేట్ అనే ఐరన్ మందు వాడినవాళ్ళ కంటే కడుపు బాధలు తక్కువగా ఉన్నాయి. అది ఇనుము మోసుకురావడం వల్ల కాదు. ఒంట్లో ఉన్న ఇనుమును కదిలించే పద్ధతిని సరిదిద్దడం వల్ల కావచ్చని అంటున్నారు. ధర ఎందుకంతో కూడా చెప్తాను. 10 వేల లీటర్ల ఆవుపాలు జల్లెడ పట్టినా ఒక కిలో దొరకడం కష్టం. అయితే ప్రొటీన్ మంచిదని ప్రతి ఆశా నిజమవ్వదు. బ్రిటన్‌లో 2203 మంది నెలలు నిండని పసిపిల్లల్లో కొందరికి ఆవు లాక్టోఫెర్రిన్ ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా పోల్చి చూశారు. ఇన్‌ఫెక్షన్లు తగ్గలేదని 2019లో తేలింది. చాలామంది తగ్గుతాయనే ఎదురుచూశారు, నేనూ వాళ్ళలో ఒకణ్ణి.

కాబట్టి షాపు అతను చెప్పాడని ఎర్ర మాత్ర మానేసి ఇది మొదలుపెట్టవద్దు. ముందు ఎర్ర మాత్రనే రాత్రి భోజనమైన గంటకు వేసుకోమని చెప్పండి, వికారం చాలామందికి తగ్గుతుంది. పాలతో, టీతో, క్యాల్షియం మాత్రతో కలిపి వేసుకుంటే ఇనుము ఒంటికి పట్టదు, రెండు గంటలు ఎడం పెట్టాలి. నిమ్మకాయ నీళ్ళతో వేసుకుంటే ఇంకా మంచిది. విరేచనం నల్లగా వస్తే భయపడవద్దు, అది మాత్రలోని ఇనుము వల్లే. నీళ్ళు ఎక్కువ తాగాలి. సజ్జ రొట్టె, ఆకుకూర, దొరికితే వారానికి రెండుసార్లు మాంసం పెట్టండి. అయినా పడకపోతే డాక్టరు వేరే రకం ఐరన్ రాస్తారు, లేదా సెలైన్‌లో ఎక్కిస్తారు. లాక్టోఫెర్రిన్ అవసరమని వాళ్ళనుకుంటే వాళ్ళే రాస్తారు.

మీ ఉత్తరంలో రక్తం తక్కువ అన్నారు కానీ హిమోగ్లోబిన్ ఎంతుందో రాయలేదు. 7 కంటే తక్కువైతే మాత్రల గురించి ఆలోచిస్తూ కూర్చోవద్దు, ఈ పత్రిక మీ చేతికి వచ్చిన రోజే ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్ళండి.